కీ ఎప్పుడు మార్చాలి, మార్చేముందు ఎంతసేపు ఆగాలి: డొమైన్ సంతకాలపై పాఠకుల ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు కొంతకాలంగా డీఎన్‌ఎస్‌సెక్ గురించి, అంటే డొమైన్ పేర్ల వ్యవస్థ ఇచ్చే జవాబులకు డిజిటల్ సంతకం చేసే పద్ధతి గురించి, ఉత్తరాలు రాస్తున్నారు. అన్నీ సంతకానికి వాడే కీల చుట్టూనే తిరుగుతున్నందున ఈ సంచికలో శీర్షికను వాటికే కేటాయించాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మాస్టారూ, బరంపురంలో పట్టుచీరలు నేసే మా కుటుంబాలన్నీ కలిసి ఒక వెబ్‌సైటు నడుపుతున్నాము. దాని బాగోగులు నేను చూసుకుంటాను. డొమైన్‌కు డీఎన్‌ఎస్‌సెక్ పెట్టించుకోమని ఒక కన్సల్టెంటు చెప్పారు. అందులో రెండు కీలు ఉంటాయనీ, ఒకదానిని నెలనెలా, రెండోదానిని ఏటేటా మార్చి తీరాలనీ అన్నారు. ఇది మా వల్ల అయ్యే పనేనా? మార్చకపోతే ప్రమాదమా? (బరంపురం, గంజాం జిల్లా)

జవాబు: నెలనెలా మార్చనక్కరలేదు. చేత్తో మార్చే పని అసలే పెట్టుకోవద్దు. ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీ బెంగ సగం తీరుతుంది.

కొనుగోలుదారు మీ సైటు పేరు టైపు చేయగానే అతని ఫోను ఆ పేరుకు ఐపీ చిరునామా ఏమిటని ఒక రిజాల్వర్‌ను అడుగుతుంది. రిజాల్వర్ ఆ జవాబును మీ డొమైన్ రికార్డులుండే నేమ్‌సర్వర్ నుంచి తెచ్చి, కొంతసేపు తన దగ్గర దాచుకుంటుంది. అలా దాచుకునే చోటికి దొంగ జవాబును చొప్పించడం అప్పటిదాకా అనుకున్నంత కష్టం కాదని 2008లో డాన్ కామిన్‌స్కీ అనే అమెరికన్ పరిశోధకుడు నిరూపించాక, డీఎన్‌ఎస్‌సెక్ అమలుపై ప్రపంచమంతటా శ్రద్ధ పెరిగింది. డీఎన్‌ఎస్‌సెక్ చేసే పని ఒక్కటే. మీరిచ్చిన జవాబుకు సంతకాన్ని జతచేసి, అది దారిలో మారలేదని రిజాల్వర్ సరిచూసుకునే వీలు కల్పిస్తుంది. అది జవాబును రహస్యంగా ఉంచదు, బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తుకు బదులుగా పనికిరాదు, మీ పేరును పోలిన పేరుతో ఎవరైనా నకిలీ దుకాణం తెరిస్తే అడ్డుకోలేదు. సలహాదారులు ఈ మూడు సంగతులనూ చెప్పడం మరిచిపోతుంటారు.

ఇక రెండు కీల సంగతి. ఒక డొమైన్ రికార్డులన్నిటినీ కలిపి జోన్ అంటారు. జోన్ సైనింగ్ కీ, క్లుప్తంగా జెడ్‌ఎస్‌కే, మీ చిరునామా రికార్డులపై సంతకం చేస్తుంది. కీ సైనింగ్ కీ, అంటే కేఎస్‌కే, మీ కీల జాబితాపై మాత్రమే సంతకం చేస్తుంది. ఈ కేఎస్‌కేకు వేలిముద్ర వంటి ఒక చిన్న రికార్డు ఉంటుంది. దానిని డీఎస్ రికార్డు అంటారు. అది మీ దగ్గర ఉండదు. మీకు డొమైన్ అమ్మిన సంస్థ, అంటే రిజిస్ట్రార్, ద్వారా పైనున్న జోన్‌కు, అంటే డాట్ ఇన్‌కో డాట్ కామ్‌కో, చేరుతుంది. పైవారిని కదపకుండా జెడ్‌ఎస్‌కేను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చునన్నదే ఈ రెండు కీల ఏర్పాటులోని సౌకర్యం.

2006లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4641 అనే మార్గదర్శక పత్రం జెడ్‌ఎస్‌కేను నెలకొకసారి, కేఎస్‌కేను ఏడాదికొకసారి మార్చడం సమంజసమని రాసింది. అప్పట్లో జెడ్‌ఎస్‌కేగా 1024 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీలు వాడటం మామూలు కనుక ఆ జాగ్రత్తకు అర్థముంది. 2012లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6781, కేఎస్‌కేను క్రమం తప్పకుండా మార్చాలన్న వాదాన్నీ, అవసరం పడినప్పుడే మార్చాలన్న వాదాన్నీ రెండింటినీ పాఠకుల ముందుంచింది. మీ కన్సల్టెంటు చేతిలో ఉన్నది ఆ పాత పత్రం తాలూకు జ్ఞాపకమే. ఈనాడు 13వ నంబరు అల్గారిథం, అంటే పీ 256 వక్రరేఖపై పనిచేసే ఈసీడీఎస్‌ఏ, ఎంచుకుంటే సంతకం 64 బైట్లలో ఇమిడిపోతుంది. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ సంతకానికి 256 బైట్లు పడతాయి. బైండ్ అనే నేమ్‌సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ముందుగా అమర్చి ఉండే విధానం కూడా ఇదే అల్గారిథంతో రెండు పనులూ చేసే ఒకే ఒక కీని తయారుచేసి, దానికి ముగింపు తేదీ పెట్టకుండా వదిలేస్తుంది. మీకూ ఆ ఒక్క కీ చాలు. అది బయటికి పొక్కిందని అనుమానం వచ్చినా, దానిని చూడగలిగిన మనిషి పని మానేసినా, అల్గారిథమే పాతబడినా, డీఎన్‌ఎస్ కంపెనీని మార్చినా అప్పుడు మార్చండి. పంచాంగం చూసి కీలు మార్చబోయి కొండ నాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడిన చిన్న సంస్థలే నాకు ఎక్కువగా కనబడతాయి.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాది. మా డొమైన్ ప్రైమరీ సర్వర్ ల్యాబ్‌లోనే ఉంది, సంతకాలు అక్కడే జరుగుతాయి. దాని ప్రతులు ఉంచే సెకండరీ సర్వర్లు రెండు బయటి నగరాల్లో అద్దెకు తీసుకున్నాము. తుపానుకు కరెంటు పోయి ల్యాబ్ చాలా రోజులు మూతపడింది. సెకండరీలు పనిచేస్తూనే ఉన్నా, వారం గడిచేసరికి కొందరికి వెబ్‌సైటు తెరుచుకోలేదు, కానీ వాళ్లకే మెయిల్ అందింది. మరికొందరికి ఏ ఇబ్బందీ లేదు. కీలను మేము ముట్టుకోనే లేదు. ఏమి జరిగినట్లు? (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

జవాబు: మీ కీలకు ఏమీ కాలేదు, సంతకాలకు కాలం చెల్లింది. కీకి ముగింపు తేదీ లేకపోయినా, దానితో చేసిన ప్రతి సంతకానికీ మొదలయ్యే సమయం, ముగిసే సమయం రెండూ ఉంటాయి. ముగిసే సమయం దాటిన సంతకాన్ని రిజాల్వర్ చెల్లని సంతకంగానే చూస్తుంది. సంతకమే లేని డొమైన్‌ను అది అనుమతిస్తుంది గాని, ఉండవలసిన సంతకం చెల్లకపోతే సర్వ్‌ఫెయిల్ అని చెప్పి జవాబే ఇవ్వదు.

ఇప్పుడు లెక్క చూడండి. బైండ్‌లో మార్పులేమీ చేయకపోతే ఒక సంతకం 14 రోజులు చెల్లుతుంది, గడువుకు 5 రోజుల ముందు సాఫ్ట్‌వేర్ దానిని తాజా చేస్తుంది. కనుక కరెంటు పోయిన క్షణాన మీ జోన్‌లోని ఒక్కో సంతకానికి మిగిలిన ఆయుష్షు 5 రోజులకూ 14 రోజులకూ మధ్య ఎంతైనా కావచ్చు. ఆరో రోజు నుంచి అవి ఒక్కొక్కటిగా రాలిపోవడం మొదలవుతుంది. వెబ్‌సైటు చిరునామాపై ఉన్న సంతకం ముందు ముగిసి, మెయిల్‌కు సంబంధించినవి ఇంకా మిగిలి ఉండటం వల్లనే ఒకటి ఆగి మరొకటి నడిచింది. కొందరికి అన్నీ తెరుచుకోవడానికి కారణం వేరు. వారి రిజాల్వర్ సంతకాలను సరిచూడనే చూడదు. గూగుల్ వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 వంటివి సరిచూస్తాయి కనుక అవి వాడేవారే ఇబ్బంది పడ్డారు. ఇటువంటప్పుడు డీఎన్‌ఎస్‌ను ప్రశ్నించే డిగ్ కమాండుతో మామూలుగా ఒకసారి, సరిచూడవద్దని చెప్పే సీడీ గుర్తు పెట్టి మరొకసారి అడిగి చూడండి. మొదటిదానికి సర్వ్‌ఫెయిల్, రెండోదానికి సరైన జవాబు వస్తే లోపం సంతకాల్లో ఉన్నట్లే.

సెకండరీ సర్వర్లు ప్రైమరీ కనబడకపోయినా ఎంతకాలం జోన్‌ను పట్టుకొని ఉండాలో ఎస్‌ఓఏ రికార్డులోని ఎక్స్‌పైర్ విలువ చెబుతుంది. దానిని నాలుగు వారాలుగా పెట్టుకొని నిశ్చింతగా ఉన్నామనుకునేవారు చాలామంది ఉన్నారు. లోపలి సంతకాలు ఆరో రోజునే ముగిసిపోతుంటే, నాలుగు వారాలపాటు చెల్లని కాగితాలను పంచిపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మహేంద్రగిరి పాదాన, వంశధార ఒడ్డున ఉన్న ఊళ్లకు పెద్ద తుపాను తరువాత కరెంటు రావడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. సంతకం చెల్లుబాటును 30 రోజులకు పెంచి, 15 రోజులు మిగిలి ఉండగానే తాజా చేసేలా అమర్చండి. అప్పుడు ఎంత తక్కువ చూసినా రెండు వారాల వెసులుబాటు ఉంటుంది. దీనికి మూల్యం లేకపోలేదు. మీరు సర్వర్ చిరునామాను మార్చిన తరువాత కూడా, పాత చిరునామాపై ఉన్న సంతకం ముగిసేదాకా, దానిని దాచుకున్న దుర్మార్గుడు ఎవరికైనా చూపి నమ్మించగలడు. ఒక బ్యాంకుకు ఇది ఆలోచించవలసిన విషయమే గాని, మీ కళాశాలకు కాదని నా అభిప్రాయం.

ఇంకా మెరుగైన దారి, సంతకం చేసే పనినే ల్యాబ్ బయటికి పంపడం. అది ఇష్టం లేకపోతే, రహస్య కీల ఫైళ్లను గుప్తీకరించి, జోన్ ఫైలుతో సహా, తుపాను దారిలో లేని ఊరిలో ఒక ప్రతి ఉంచండి. ఒడిశా తీరాన్ని దాటే తుపాను బరంపురాన్నీ పర్లాకిమిడినీ ఒకే రోజు కొట్టగలదు కనుక ఆ ఊరు బరంపురం కాకూడదు. ఆ ప్రతితో వేరే యంత్రం మీద నిజంగా సంతకాలు చేయగలుగుతున్నారో లేదో వేసవిలోనే ఒకసారి చేసి చూడండి.

కరెంటు వచ్చిన తరువాత మరో చిక్కు పొంచి ఉంటుంది. మదర్‌బోర్డులోని గుండ్రటి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటే యంత్రం ఏనాటి తేదీతోనో లేస్తుంది. ఆ తేదీతో చేసిన సంతకాలు పుడుతూనే గడువు తీరినవై ఉంటాయి. పైగా అదే యంత్రం రిజాల్వర్‌గా కూడా ఉంటే, సరైన సమయాన్ని చెప్పే ఎన్‌టీపీ సర్వర్ పేరును కూడా అది తేల్చుకోలేదు. తేదీ తప్పు కనుక సంతకాలన్నీ చెల్లనట్లు కనబడతాయి, అవి చెల్లవు కనుక తేదీ సరిపడదు. ఎన్‌టీపీ సర్వర్లలో కనీసం ఒకదానిని పేరుతో కాక ఐపీ అంకెలతో రాసిపెట్టుకుంటే ఈ ముడి పడదు.

తుపాను మాట వచ్చింది గనుక మరో సంగతి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, మీ జిల్లాను ఎంత దెబ్బ తీసిందో మీరు చూశారు. సరిగ్గా ఆ రాత్రే, మన సమయం ప్రకారం 9 గంటల 30 నిమిషాలకు, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ అంతటికీ శిఖరమైన రూట్ జోన్ కేఎస్‌కేను చరిత్రలో మొదటిసారి మార్చారు. 2010 నాటి కీ స్థానంలో 20326 అనే ట్యాగ్ గల 2017 కీ వచ్చింది. నిజానికి ఆ పని 2017 అక్టోబర్ 11నే జరగవలసి ఉండగా, చాలా రిజాల్వర్లకు కొత్త కీ ఇంకా చేరలేదని తేలడంతో ఏడాది వాయిదా వేశారు. రిజాల్వర్ కొత్త రూట్ కీని తనంతట తాను నమ్మాలంటే ఆర్‌ఎఫ్‌సీ 5011 ప్రకారం దానిని 30 రోజులపాటు చూస్తూ ఉండాలి. నెలల తరబడి ఆపి ఉంచిన యంత్రానికి, పాత డిస్క్ ఇమేజ్ నుంచి లేపిన యంత్రానికి ఆ అవకాశం దొరకదు. రూట్ కేఎస్‌కే తదుపరి మార్పునకు నిర్ణయించిన తేదీ 2026 అక్టోబర్ 11, మళ్లీ మన తుపానుల నెలే. కొత్త కీ ట్యాగ్ 38696. అది 2025 జనవరి 11 నుంచే రూట్ జోన్‌లో కనబడుతోంది. మీ ల్యాబ్ రిజాల్వర్ నమ్మకపు కీల ఫైలులో ఆ అంకె ఉన్నదో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడమే తేలిక.

ప్రశ్న: రాయగడలో నేనూ నా స్నేహితుడూ కలిసి దుకాణాలకూ బడులకూ వెబ్‌సైట్లు చేసి ఇస్తుంటాము. ఒక కస్టమర్ డొమైన్‌ను ఒక డీఎన్‌ఎస్ కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చాము. రెండు చోట్లా డీఎన్‌ఎస్‌సెక్ ఉంది. రికార్డులన్నీ ముందే ఎక్కించి, సరిచూసుకొని మరీ నేమ్‌సర్వర్లు మార్చాము. అయినా ఒక రోజంతా సైటు చాలామందికి రాలేదు, కస్టమర్ చేత మాట పడ్డాము. ఎక్కడ తప్పు చేశాము? (రాయగడ)

జవాబు: రికార్డులు సరిగానే ఎక్కించారు, వరుస తప్పింది. మీరు బ్యాంకులో నమూనా సంతకం ఇచ్చి ఉన్నారనుకోండి. బ్యాంకు పుస్తకంలో పాత నమూనా ఉండగానే కొత్త సంతకంతో చెక్కు రాస్తే, డబ్బు ఉన్నా, చెక్కు మీదే అయినా, కౌంటరులో అది వెనక్కి వస్తుంది. డీఎస్ రికార్డు ఆ నమూనా వంటిది. నేమ్‌సర్వర్లు మారిన క్షణం నుంచి కొత్త కంపెనీ తన కీతో సంతకాలు చేస్తోంది, పైన రిజిస్ట్రీలో, అంటే డాట్ కామ్ వంటి పై జోన్‌ను నడిపేవారి దగ్గర, మాత్రం పాత కంపెనీ కీ తాలూకు డీఎస్ ఉంది. మీరు దానిని గమనించి రిజిస్ట్రార్ దగ్గర మార్చినా, రిజాల్వర్లు అప్పటికే దాచుకున్న పాత డీఎస్ దాని టీటీఎల్, అంటే దాచుకోవడానికి అనుమతించిన గడువు, ముగిసేదాకా పోదు. డాట్ కామ్ జోన్‌లో డీఎస్ టీటీఎల్ 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. మీరు పోగొట్టుకున్న రోజు అదే.

చిన్న కస్టమర్ల విషయంలో నేను సూచించే దారి ఇది. ముందు రిజిస్ట్రార్ దగ్గర డీఎస్‌ను తీసివేయించండి. పాత కంపెనీని సంతకాలు ఆపనివ్వకండి. రిజిస్ట్రీ నేమ్‌సర్వర్లన్నిటిలోనూ డీఎస్ లేదని మీ కళ్లతో చూసిన తరువాత, దాని టీటీఎల్ మేరకు ఆగి, పైన మరికొన్ని గంటలు ఆగండి. అప్పుడు నేమ్‌సర్వర్లు మార్చండి. డాట్ కామ్‌లో నేమ్‌సర్వర్ రికార్డుల టీటీఎల్ రెండు రోజులు కనుక ఆ రెండు రోజులూ పాత కంపెనీ ఖాతాను మూసివేయకండి. చివరగా కొత్త కంపెనీ ఇచ్చిన డీఎస్‌ను ఎక్కించండి. ఈ నాలుగైదు రోజులు డొమైన్‌కు సంతకపు రక్షణ ఉండదు గాని సైటు ఒక్క నిమిషం కూడా ఆగదు. చీరల దుకాణానికీ బడికీ ఇది మంచి బేరమే.

కంపెనీ మారకుండా కేఎస్‌కేను మాత్రమే మార్చేటప్పుడు రక్షణ వదులుకోనక్కరలేదు, కానీ ఆగవలసిన చోట్ల ఆగాలి. మీ కీల జాబితా టీటీఎల్ ఒక గంట, పైన డీఎస్ టీటీఎల్ ఒక రోజు అనుకుందాం. సోమవారం ఉదయం 9 గంటలకు కొత్త కీని పాతదాని పక్కన ప్రకటించి, రెండింటితోనూ కీల జాబితాపై సంతకం చేయిస్తారు. ఆ జాబితా అన్ని సెకండరీలకూ చేరడానికీ, పాత జాబితా రిజాల్వర్ల నుంచి చెరిగిపోవడానికీ కలిపి రెండు గంటలు తీసుకొని, 11 గంటలకు రిజిస్ట్రార్ దగ్గర డీఎస్ మార్చమని కోరతారు. రిజిస్ట్రీలో అది మధ్యాహ్నం 4 గంటలకు కనబడిందనుకోండి. గడియారం 11 నుంచి కాదు, 4 నుంచి మొదలవుతుంది. మంగళవారం సాయంత్రం 4 దాకా పాత డీఎస్‌ను పట్టుకొని ఉన్న రిజాల్వర్లు ఉండవచ్చు కనుక పాత కీని బుధవారం ఉదయానికి ముందు తీయకూడదు. బైండ్‌లో డీఎన్‌ఎస్‌సెక్ పాలసీని వాడితే, కొత్త డీఎస్ పైకి చేరినట్లు మీరు తెలిపేదాకా, లేదా అదే అడిగి తెలుసుకునేదాకా, పాత కీని తీయకుండా ఉంటుంది. డీఎస్ టీటీఎల్ ఎంతో మాత్రం మీరు సరిగ్గా చెప్పి ఉండాలి.

ఈ చివరి మాట చిన్నది కాదు. 2023 మే నెలలో న్యూజిలాండ్ దేశపు డొమైన్లలో కేఎస్‌కే మార్పు జరిగినప్పుడు, డీఎస్ టీటీఎల్ వాస్తవంగా ఒక రోజుండగా సంతకాల వ్యవస్థ దానిని ఒక గంటగానే లెక్కవేసుకొని పాత కీని తొందరపడి తీసివేసింది. దేశమంతటా సైట్లు తెరుచుకోక ఇబ్బందిపడ్డారు. ఒక దేశపు రిజిస్ట్రీకే తప్పనిది రాయగడలో మీకు జరిగిందని చిన్నబుచ్చుకోకండి. కస్టమర్‌కు మాత్రం పని ఒప్పుకునేటప్పుడే ఐదు రోజులు పడుతుందని చెప్పండి.

కొన్ని రిజిస్ట్రీలు సీడీఎస్ అనే రికార్డును మీ జోన్‌లో చూసి డీఎస్‌ను వాటంతట అవే మార్చుకుంటాయి. మీ రిజిస్ట్రార్ ఆ సదుపాయం ఇస్తే చేత్తో అంకెలు కాపీ చేసే పని తప్పుతుంది. ఇవ్వకపోతే కీ ట్యాగ్‌ను మాత్రమే పోల్చి సరిపెట్టుకోకుండా, వేలిముద్ర మొత్తాన్ని అక్షరం అక్షరం పోల్చండి. కీ ట్యాగ్ 16 బిట్ల సంఖ్య, దానికి సాధ్యమయ్యే విలువలు 65,536 మాత్రమే. రెండు వేర్వేరు కీలకు ఒకే ట్యాగ్ రావచ్చు. 2024 జనవరి 30న రష్యా దేశపు డాట్ ఆర్‌యూ డొమైన్లు కొన్ని గంటలు స్తంభించిపోవడం వెనుక ఉన్నది అదే.

ప్రశ్న: గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. రూట్ కీని సంతకం చేయడానికి వాడేటప్పుడు పెద్ద క్రతువులా చేస్తారని విన్నాను. నిజమేనా? నా సొంత డొమైన్ కీని పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే సరిపోతుందా? (గుణుపురం, రాయగడ జిల్లా)

జవాబు: నిజమే, దానిని వారు కూడా సెరిమనీ అనే పిలుస్తారు. రూట్ కేఎస్‌కే అమెరికాలో రెండు చోట్ల, కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండోలో, వర్జీనియాలోని కల్‌పెపర్‌లో, హెచ్‌ఎస్‌ఎం అనే యంత్రాలలో ఉంటుంది. ఆ యంత్రం నుంచి కీని మామూలు పద్ధతిలో బయటికి తీయలేరు, లోపలికి పత్రాన్ని పంపి సంతకం చేయించుకుంటారు, అంతే. ఒక్కో చోటికి వివిధ దేశాల నుంచి ఎంపిక చేసిన ఏడుగురు క్రిప్టో ఆఫీసర్లు ఉంటారు. వారిలో కనీసం ముగ్గురు హాజరైతేనే యంత్రం పనిచేస్తుంది. మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు కలిసి, రాబోయే మూడు నెలల జెడ్‌ఎస్‌కేలకు సంతకాలు చేస్తారు, అంతా ప్రత్యక్ష ప్రసారం అవుతుంది. 2020 ఫిబ్రవరిలో ఎల్ సెగుండోలో ఇనప్పెట్టె తాళం మొరాయించి తెరుచుకోకపోవడంతో సెరిమనీ కొన్ని రోజులు ఆగిపోయింది. ఆ వెంటనే కోవిడ్ వచ్చిపడటంతో ఏప్రిల్‌లో ఎప్పటిలా మూడు నెలలకు కాక తొమ్మిది నెలలకు సరిపడా సంతకాలు ఒకేసారి చేసిపెట్టుకున్నారు. పర్లాకిమిడి పాఠకుడికి చెప్పిన వెసులుబాటు సూత్రమే అక్కడా పనికొచ్చింది.

నీ విషయానికి వస్తే, సంతకాలు ఎప్పటికప్పుడు తాజా కావాలి కనుక కీ సర్వర్‌లో ఉండి తీరాలి. పెన్‌డ్రైవ్‌లో ఉండేది అదనపు ప్రతి మాత్రమే కావాలి, అది కూడా గుప్తీకరించి. సర్వర్‌లో ఆ ఫైలును నేమ్‌సర్వర్ ప్రోగ్రాం తప్ప వేరెవరూ చదవలేకుండా అనుమతులు పెట్టు. హాస్టల్ గదిలో హెచ్‌ఎస్‌ఎం అక్కరలేదు గాని, దాని పద్ధతి చేతికి పట్టుబడాలంటే సాఫ్ట్‌హెచ్‌ఎస్‌ఎం అనే ఉచిత ప్రోగ్రాంతో సాధన చేయవచ్చు. నిన్ను అసలు దెబ్బతీయగలిగేది వేరే ఉంది. నీ రిజిస్ట్రార్ ఖాతా పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కితే వాడు నీ డీఎస్‌ను తీసివేసి, నేమ్‌సర్వర్లనే మార్చేస్తాడు. అప్పుడు నీ కీ ఎంత భద్రంగా ఉన్నా ఫలితం లేదు. ఆ ఖాతాకు రెండంచెల ధృవీకరణ ఈ రోజే పెట్టుకో.

ప్రశ్న: తెలుగులో, డాట్ భారత్ కింద, మా సాహితీ సంఘానికి డొమైన్ తీసుకోవాలనుకుంటున్నాము. తెలుగు లిపిలో ఉన్న పేరుకు సంతకం చేయడం వీలవుతుందా? (ఛత్రపురం, గంజాం జిల్లా)

జవాబు: వీలవుతుంది. తెలుగు లిపి మీ కళ్లకే. డీఎన్‌ఎస్ లోపల ఆ పేరు ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే రోమన్ అక్షరాల రూపంలో ఉంటుంది, సంతకం ఆ రూపంపైనే పడుతుంది. డీఎస్ ఎక్కించేటప్పుడు రిజిస్ట్రార్ ఫారంలో ఏ రూపం రాయమన్నారో చూసి అదే రాయండి.

ప్రశ్న: కొరాపుట్ జిల్లాలో ఒక సహకార బ్యాంకులో పనిచేస్తున్నాను. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కిందికి మారాము. డీఎన్‌ఎస్ పని అంతా ఒక వెండర్ చూస్తారు. కీల గురించి ఆయనను ఏమని అడగాలో కూడా మాకు తెలియదు. (జయపురం)

జవాబు: బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా ఆ డొమైన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే దానికి రిజిస్ట్రార్. కనుక డీఎస్ ఎక్కడ మారుతుందన్న విషయంలో మీకు గందరగోళం లేదు. ఆ ఖాతాలోకి ఎవరెవరు వెళ్లగలరన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి. వెండర్ ఉద్యోగి ఒక్కడే వెళ్లగలిగితే ఆ ఏర్పాటును ఈ నెలలోనే మార్చండి. బ్యాంకు తరఫున ఇద్దరి పేర్లు ఉండాలి, వారిలో ఒకరు బదిలీ అయితే బదిలీ ఉత్తర్వుతోపాటే ఖాతా నుంచి పేరు తొలగాలి.

తరువాత వెండర్‌ను రాతపూర్వకంగా అడగండి: రహస్య కీ ఎక్కడ ఉంది, హెచ్‌ఎస్‌ఎంలోనా మామూలు ఫైలులోనా, ఏ అల్గారిథం వాడుతున్నారు, సంతకం చెల్లుబాటు ఎన్ని రోజులు, ఎన్ని రోజులు మిగిలి ఉండగా తాజా అవుతుంది, తాజా కాకపోతే హెచ్చరిక ఎవరి ఫోనుకు వస్తుంది. చివరిదానికి ‘మా సిస్టమ్ చూసుకుంటుంది’ అన్న జవాబు ఒప్పుకోకండి. హెచ్చరిక వెండర్ యంత్రం నుంచి కాక, బయటి నుంచి మీ డొమైన్‌ను సరిచూసే వేరొక యంత్రం నుంచి రావాలి, ఎందుకంటే ఆగిపోయిన యంత్రం తాను ఆగిపోయానని చెప్పదు. గడువుకు మూడు రోజులు మిగిలి ఉన్నప్పుడే మీ ఫోను మోగేలా పెట్టించుకోండి.

కీ బయటపడిందని తెలిస్తే ఎన్ని గంటల్లో మారుస్తారని కూడా అడగండి. ఇక్కడ తొందరకూ ఆగడానికీ పొసగదు. కొత్త డీఎస్ పూర్తిగా వ్యాపించకముందే పాత కీని పీకేస్తే బ్యాంకు సైటు ఆగిపోతుంది, ఉంచితే దొంగ సంతకాలు చెల్లుతూనే ఉంటాయి. ఏది మేలన్న నిర్ణయం వెండర్‌ది కాదు, మీ మేనేజ్‌మెంట్‌ది. ఆ నిర్ణయం ముందే కాగితం మీద ఉండాలి. నన్నడిగితే డబ్బు లావాదేవీలు జరిగే డొమైన్‌కు కొన్ని గంటలు ఆగిపోవడమే మేలంటాను.

ఒప్పందం ముగిసి వెండర్ మారేటప్పుడు రాయగడ పాఠకుడికి సూచించినట్లు డీఎస్‌ను తీసివేయడం బ్యాంకుకు తగదు. ఆ నాలుగైదు రోజులు రక్షణ లేకుండా ఉండలేరు. పాత వెండరూ కొత్త వెండరూ కొంతకాలం ఒకరి బహిరంగ కీని (సంతకాన్ని సరిచూడటానికి అందరికీ ఇచ్చే కీని) మరొకరు తమ జాబితాలో చేర్చుకొని ఇద్దరూ సంతకాలు చేసే పద్ధతి ఉంది. 2020 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8901 దానిని వివరిస్తుంది. వెళ్లిపోతున్న వెండర్ అప్పుడు మనస్ఫూర్తిగా సహకరిస్తాడని ఆశించలేము కనుక, ఈ సహకారాన్ని ఇప్పుడే, బిల్లు చెల్లింపుతో ముడిపెట్టి, ఒప్పందంలో ఒక షరతుగా రాయించుకోండి.